నల్లరాతిని తొలిచి తీసిన దేవగిరి కోట: అది ఎలా నిలిచింది, విశాఖ కొండల్లో ఆ పని ఎందుకు కుదరలేదు

సంక్షిప్తంగా: మహారాష్ట్రలోని దేవగిరి, అంటే దౌలతాబాద్ కోటకు అసలు బలం దాని గోడల్లో లేదు. కొండ చుట్టూ రాతిని నిలువుగా చెక్కి తీసేయడం వల్ల ఏర్పడిన కొండచరియలోను, కందకంలోను, చీకటి సొరంగంలోను ఉంది. లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ రాయి స్వభావం వల్లనే అది సాధ్యమైంది. విశాఖపట్నం పరిసరాల్లోని, ఖోండలైట్ అనే చారల రాతితో ఏర్పడిన కొండల స్వభావం వేరు కాబట్టి ఇక్కడ తొలిచిన కట్టడాలు చిన్నవిగా ఉండిపోయాయి, త్వరగా అరిగిపోయాయి. కోటను చూడబోయేవారు ఈ తేడా తెలుసుకుని వెళితే అక్కడ కనిపించేవాటిలో చాలా భాగం అర్థమవుతుంది.

విశాఖపట్నం నుంచి శిరిడీ యాత్రకు వెళ్ళే కుటుంబాలు ఎల్లోరా గుహలను, ఘృష్ణేశ్వర జ్యోతిర్లింగాన్ని, దౌలతాబాద్ కోటను ఒకే రోజు చూసి రావడం మామూలైపోయింది. ఈ మూడింటిలో తక్కువ సమయం దక్కేది కోటకే. బండి రోడ్డు పక్కన ఆగుతుంది, జనం చాంద్ మినార్ దగ్గర ఫొటోలు తీసుకుంటారు, కొందరు మొదటి ఫిరంగి దాకా నడిచి వెనక్కి తిరుగుతారు. కోటలో చూడవలసిన అసలు పని అక్కడి నుంచే మొదలవుతుందని తెలియకపోవడం వల్ల జరిగేది ఇదే. తిరిగి వచ్చినవారు చెప్పే మాటల్లోనూ, సామాజిక మాధ్యమాల్లో తిరిగే వీడియోల్లోనూ రెండు పొరపాట్లు తరచుగా వినిపిస్తాయి. కోట మొత్తాన్ని ఒకే రాతిలో చెక్కారన్నది మొదటిది. గోల్కొండ లాగే ఇదీ కొండ మీద గోడలు పేర్చి కట్టిన కోటే అన్నది రెండోది. ఈ రెండింటిలో ఏది నమ్మినా కోట పనిచేసిన తీరు బోధపడదు.

ఏది కట్టినది, ఏది తొలిచినది

ఛత్రపతి శంభాజీనగర్, అంటే పాత ఔరంగాబాద్ నుంచి ఎల్లోరా వెళ్ళే దారిలో, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మైదానం మధ్య ఒంటరిగా లేచిన శంఖాకారపు కొండ దేవగిరి. ఎత్తు సుమారు 200 మీటర్లు. యాదవ వంశానికి చెందిన ఐదవ భిల్లముడు 12వ శతాబ్దం చివరి పాదంలో, 1187 ప్రాంతంలో, దీన్ని రాజధానిగా నెలకొల్పాడని సంప్రదాయంగా చెబుతారు. తర్వాత ఖిల్జీలు, తుగ్లక్‌లు, బహమనీలు, అహ్మద్‌నగర్ నిజాంషాహీలు, మొగలులు, చివరికి హైదరాబాదు నిజాములు దీన్ని ఏలారు. ఒక్కొక్కరూ తమ వంతుగా ఏదో ఒకటి చేర్చారు. అందుకే నేడు కనిపించే కోటను ఏ ఒక్క రాజు ఖాతాలోనో వేయడం సరికాదు.

బయటి నుంచి లోపలికి వస్తే అంబర్‌కోట్, మహాకోట్, కాలాకోట్ అనే ప్రాకారాలు వరుసగా ఎదురవుతాయి. ఇవన్నీ రాళ్ళు పేర్చి కట్టినవే. వీటి మధ్య బురుజులు, మెలికలు తిరిగే ద్వారాలు, ఏనుగులు కుమ్మకుండా తలుపులకు బిగించిన ఇనుప మేకులు, నీటి కోసం హాథీ హౌద్ అనే పెద్ద తొట్టి, 15వ శతాబ్దంలో బహమనీలు నిలిపిన చాంద్ మినార్ ఉన్నాయి. ఇంతవరకూ ఏ దక్కను కోటలోనైనా కనిపించే సరంజామానే. కాలాకోట్ దాటిన తర్వాతే సంగతి మారుతుంది. కొండ అడుగుభాగాన్ని చుట్టూ సుమారు 50 మీటర్ల ఎత్తున గోడలాగా నిలువుగా చెక్కేశారు. ఆ గోడ మొదట్లో రాతిలోకే లోతైన కందకం తవ్వారు. కందకాన్ని దాటడానికి ఉన్నది ఒకే ఒక్క ఇరుకు వంతెన. వంతెన దాటినవారు పైకి పోవాలంటే కొండ కడుపులోంచి తొలిచిన అంధేరీ అనే చీకటి సొరంగంలోంచే పోవాలి. అంటే ఈ భాగంలో ఎవరూ ఏదీ కట్టలేదు. ఉన్న రాతిని తీసేస్తూ పోయారు, మిగిలిందే కోట అయింది.

కట్టిన గోడకు, తొలిచిన గోడకు యుద్ధంలో ఉండే తేడా చాలా పెద్దది. పేర్చిన గోడకు పునాది ఉంటుంది, దాని కింద సొరంగం తవ్వవచ్చు. అతుకులుంటాయి, వాటిలో గునపం దిగుతుంది. ఫిరంగి గుండు పదే పదే ఒకే చోట తగిలితే రాళ్ళు ఊడి పడతాయి, వెనకున్న మట్టి జారి మెట్లలా పోగుపడి శత్రువుకు దారి ఇస్తుంది. తొలిచిన చరియకు పునాదీ లేదు, అతుకూ లేదు, దాని వెనక ఖాళీ లేదు. గుండు తగిలితే పెచ్చు లేస్తుంది, అంతే. దాన్ని కూల్చాలంటే కొండనే కూల్చాలి.

ఈ రాయి ఎక్కడిది

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పశ్చిమ భారతంలో నేల పగుళ్ళలోంచి లావా విడతలు విడతలుగా పొంగి పరుచుకుంది. ఒకే శిఖరం నుంచి ఎగజిమ్మే అగ్నిపర్వతం లాంటిది కాదిది. పొడవాటి చీలికల నుంచి పలుచటి లావా వరదలా పారింది. ఒక పొర చల్లారాక దాని మీద మరొకటి, దాని మీద ఇంకొకటి చేరుతూ వచ్చాయి. పశ్చిమ కనుమల దగ్గర ఈ పొరల మొత్తం మందం దాదాపు రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఈ నల్లరాయే నేలగా ఉంది. అజంతా, ఎల్లోరా గుహలు, సహ్యాద్రి కొండకోటలు, దేవగిరి అన్నీ దీని మీద, దీనిలోనే ఉన్నాయి.

ఒక్కొక్క లావా పొరలో కూడా అంతా ఒకేలా ఉండదు. లోపలి భాగం నెమ్మదిగా చల్లారి, సన్నటి స్ఫటికాలతో గట్టిగా, బిగువుగా తయారవుతుంది. పొరలోని వాయువులు పైకి చేరి బయటపడే ప్రయత్నంలో, పెనం మీది అట్టుకు పైముఖాన చిల్లులు పడ్డట్టే, పై భాగాన్ని బుడగలతో నింపేస్తాయి. తర్వాతి కాలంలో ఆ బుడగల్లోకి నీరు ఊరి తెల్లటి జియోలైట్ ఖనిజాలు పేరుకుంటాయి. రెండు విస్ఫోటాల మధ్య ఎక్కువ కాలం గడిచిన చోట పాత పొర పైభాగం శిథిలమై ఎర్రటి మట్టి పట్టీగా మారుతుంది. దాని మీద కొత్త లావా వచ్చి కాల్చి మూసేస్తుంది. గట్టి పొరలు నిలువు చరియలుగా నిలుస్తాయి, బుడగల పొరలూ ఎర్రమట్టి పట్టీలూ అరిగి వాలుగా మారతాయి. దక్కను కొండలకు దూరం నుంచి చూస్తే మెట్లు మెట్లుగా కనిపించే ఆకారం ఇలా వచ్చిందే.

నిలువుగా విరగడమన్నది కూడా ఈ రాయికి పుట్టుకతో వచ్చిన గుణమే. లావా చల్లారేటప్పుడు కుంచించుకుపోయి నిలువు పగుళ్ళు ఇస్తుంది. అంచున ఉన్న రాయి విడిపోయినప్పుడు ఆ పగులు వెంట నిలువుగానే విడిపోతుంది. రాయగఢ్ వంటి సహ్యాద్రి కోటలకు చుట్టూ సహజంగా ఏర్పడిన చరియలే ప్రాకారాలుగా పనికొచ్చాయి. దేవగిరిలో ప్రకృతి సగం చేసిన పనిని మనుషులు పూర్తి చేశారు. వాలుగా ఉన్న భాగాలను కూడా చెక్కి, చుట్టూ ఎక్కడా కాలు పెట్టే సందు లేకుండా చేశారు. వంతెన మీద నిలబడి ఎదురుగా ఉన్న గోడను నిదానంగా చూస్తే ఉలి దెబ్బల గుర్తులు, తెల్లటి చుక్కలున్న రాతి భాగం, చుక్కలు లేని నున్నటి నల్లటి భాగం వేరు వేరుగా కనిపిస్తాయి. చుక్కలున్న చోటనే రాయి ఎక్కువగా పెళుసుబారి ఉంటుంది.

ఈ లావా తెలుగువారికి పరాయిది కాదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి రెండు ఒడ్డులా, తూర్పున కాతేరు వైపు, పడమర దుద్దుకూరు, పంగిడి, గౌరీపట్నం వైపు ఇదే వయసు, ఇదే రసాయన స్వభావం ఉన్న బసాల్ట్ పొరలున్నాయి. పశ్చిమాన పొంగిన లావా పురాతన నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి తూర్పు తీరానికి చేరి ఉంటుందని భూవిజ్ఞాన పరిశోధకులు భావిస్తున్నారు. మధ్యలో వందల కిలోమీటర్ల మేర దాని జాడ లేకపోయినా రెండు చివరల రాయి సరిపోలడం ఆ అభిప్రాయానికి ఆధారం. ఆ క్వారీల్లో పగిలే నల్లరాతి కంకర రోడ్లకూ స్లాబులకూ పోతోంది. దేవగిరి రాతికి దగ్గర చుట్టం విశాఖకు రెండు వందల కిలోమీటర్ల లోపే ఉందన్నమాట.

పని ఎలా సాగి ఉంటుంది

దేవగిరికి మరో 15 కిలోమీటర్ల దూరంలోనే ఎల్లోరా ఉంది. అక్కడి కైలాస దేవాలయాన్ని 8వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుని కాలంలో పైనుంచి కిందికి చెక్కుతూ దించారు. ఆ పద్ధతిలో పరంజా అక్కర్లేదు. శిల్పి నిలబడే నేల అతను చెక్కబోయే రాయే. పైభాగం పూర్తయ్యాక ఒక మెట్టు కిందికి దిగుతాడు. యాదవులు ఈ ప్రాంతాన్ని ఏలే నాటికి బసాల్ట్‌ను ఎలా విరవాలో, ఏ పొరను వదిలి ఏ పొరను పట్టుకోవాలో తరతరాల అనుభవంతో తెలిసిన పనివారు ఇక్కడ ఉండే ఉంటారు. కొండను నిలువుగా చెక్కే ఆలోచన ఇక్కడే పుట్టడానికి రాయి ఒక్కటే కారణం కాదు, ఆ రాతితో వందల ఏళ్ళుగా పనిచేసిన చేతులు కూడా కారణమే. ఈ రెండో విషయాన్ని కోట గురించిన మామూలు వివరణలు దాదాపు పట్టించుకోవు.

ఆర్థికంగా కూడా దీనికొక లాభం ఉంది. చరియను, కందకాన్ని తవ్వగా వచ్చిన రాయి అక్కడికక్కడే బయటి ప్రాకారాలకు పనికివస్తుంది. దూరం నుంచి రాయి తోలించే ఖర్చు తగ్గుతుంది. 1340ల ఆరంభంలో ఇక్కడికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా, మైదానంలోని ఒక రాతి గుట్టను తొలిచారని, దాని మీద కోట ఉందని, పైకి వెళ్ళడానికి తోలుతో చేసిన నిచ్చెన వాడి రాత్రిపూట దాన్ని పైకి లాగేసేవారని రాశాడు. కాబట్టి 14వ శతాబ్దం మధ్యనాటికే చరియ చెక్కడం పూర్తయి పేరుపొందిందని చెప్పవచ్చు. అక్కడి చెరసాలలో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలు ఉండేవని, పిల్లులే వాటిని చూసి పారిపోయేవని కూడా ఆయన రాశాడు.

అంధేరీ ఎలా పనిచేసేది

కోటలో అన్నిటికన్నా తెలివైన భాగం అంధేరీ. ఇందులో యంత్రాలేవీ లేవు, మనిషి శరీరానికి ఉన్న పరిమితులనే ఆయుధాలుగా వాడుకున్నారు. మొదటిది కన్ను. మరాఠ్వాడా ఎండలోంచి చీకట్లోకి అడుగుపెట్టిన కన్ను ఆ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. అప్పటికే లోపల కాపలా ఉన్నవాడికి ఆ ఇబ్బంది లేదు. రెండోది పాదం. మెట్ల ఎత్తు ఒకే తీరుగా ఉండదు, దారి ఉన్నట్టుండి మలుపు తిరుగుతుంది. సమమైన మెట్లకు అలవాటుపడిన కాలు చీకట్లో తప్పటడుగు వేస్తుంది. మూడోది రద్దీ. దారి ఇరుకు కావడంతో వెయ్యి మంది సైన్యం వచ్చినా ఒక్కసారి ముందు నిలబడి పోరాడగలిగేది ఒకరిద్దరే. బయట ఎంత బలగం ఉన్నా లోపల దాని విలువ ఒకరిద్దరికి పడిపోతుంది.

నాలుగోది ఊపిరి. సొరంగం పైముఖాన్ని ఇనుప పలకతో మూసే ఏర్పాటు ఉండేది. అవసరమైతే ఆ పలక మీద మంట వేసేవారు. పలక ఎర్రగా కాలితే దాన్ని నెట్టి బయటికి రావడం అసాధ్యం. పొగ సొరంగంలోకి దిగితే లోపలున్నవారికి వెనక్కి పోవడం తప్ప మరో దారి ఉండదు. ఆ వెనక్కి పోయే దారి కూడా వెనకనున్న తమ సైనికులతోనే కిక్కిరిసి ఉంటుంది. నేడు లోపల దీపాలు, పక్కదారులు ఏర్పాటై ఉన్నందున ఆ భయం తెలియదు. అయినా గబ్బిలాల వాసన, తడిగాలి, కాలికింది ఎగుడుదిగుడు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇంత బలమైన కోట ఎందుకు పడిపోయింది

దేవగిరి చరిత్ర చదివేవారికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. చరియను ఎక్కి, సొరంగంలోంచి పోరాడి ఎవరూ గెలవలేదంటారు. మరి కోట ఇన్నిసార్లు చేతులు ఎలా మారింది? రాతిని తొలిచి సృష్టించగల రక్షణకు హద్దులున్నాయి కాబట్టి. నీటిని నిలవ చేసే తొట్లు తొలవచ్చు, బిగువైన బసాల్ట్‌లో నీరు పెద్దగా ఇంకదు కూడా. ధాన్యాన్ని మాత్రం రాతిలోంచి తీయలేరు.

1296లో అల్లావుద్దీన్ ఖిల్జీ ఉత్తరాదిలోని కడా నుంచి ఎవరూ ఊహించని వేగంతో వచ్చి దేవగిరి మీద పడ్డాడు. అప్పటికి యాదవ రాజు రామచంద్రుని ప్రధాన సైన్యం రాకుమారుని వెంట దూరాన ఉంది. రాజు కొండ మీదికి చేరాడు. హడావుడిగా పైకి చేర్చిన బస్తాల్లో ధాన్యం ఉందనుకుంటే తీరా విప్పి చూస్తే ఉప్పు బయటపడిందని, అందువల్లే లొంగక తప్పలేదని తర్వాతి చరిత్రకారులు రాశారు. ఆ ఉప్పు కథలో కల్పన ఎంత ఉన్నా తిండి గింజలు లేకపోవడమే ఓటమికి కారణమన్న అంశం సందర్భానికి సరిగ్గా సరిపోతుంది.

1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి దౌలతాబాద్ అని పేరు పెట్టినప్పుడు ఇదే సమస్య పెద్ద ఎత్తున ఎదురైంది. సామ్రాజ్యం నడిమధ్యన ఉంది, కొండ అభేద్యం, ఈ రెండు లెక్కలూ సరైనవే. అయితే కోటను కాపాడే రాయే దాని చుట్టూ ఉన్న నేలను నీటికి కరువు ప్రాంతంగా చేసింది. ఒక దండుకు సరిపోయే తొట్లు రాజధాని నగరానికి చాలవు. కొన్నేళ్ళకే జనం తిరిగి ఉత్తరాదికి మళ్ళారు. 1347లో బహమనీ రాజ్యం ఇక్కడే ప్రకటితమైనా, రాజధాని వెంటనే గుల్బర్గాకు తరలిపోయింది.

1633 ముట్టడి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. మొగల్ సేనాని మహబత్ ఖాన్ మనుషులు బయటి ప్రాకారాల కింద సొరంగాలు తవ్వి, మందుగుండు కూరి పేల్చి దారి చేసుకున్నారు. కట్టిన గోడలు ఒకదాని తర్వాత ఒకటి కూలాయి. చరియ దగ్గర మాత్రం ఆ విద్య పనిచేయలేదు. నెలల తరబడి ముట్టడిలో లోపల తిండి అయిపోయి, నిజాంషాహీ మంత్రిగా పేరుపొందిన మాలిక్ అంబర్ కొడుకు ఫతే ఖాన్ చివరికి కోటను అప్పగించాడు.

ఆ తర్వాత మొగలులు దీన్ని చెరసాలగా కూడా వాడుకున్నారు. తెలుగువారికి ఈ కోటతో ఉన్న దగ్గరి సంబంధం అక్కడే ఉంది. భక్త రామదాసు కథలో వినిపించే గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా, 1687లో గోల్కొండ పతనమయ్యాక బందీ అయి, దౌలతాబాద్ కోటలోని చీనీ మహల్‌లో తన మిగిలిన జీవితమంతా గడిపి అక్కడే మరణించాడు. గోల్కొండ కూడా గోడ కూలి ఓడలేదు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాడొకడు తలుపు తీస్తే ఓడింది. చీనీ మహల్ నేడు మొండిగోడలతో, అక్కడక్కడ మిగిలిన నీలి, తెలుపు పెంకుల అతుకులతో కనిపిస్తుంది. శిరిడీ ప్యాకేజీలో వచ్చే తెలుగు యాత్రికుల్లో చాలామంది దాని పక్కనుంచే నడిచి వెళ్ళిపోతారు. అక్కడ ఒక తెలుగు ఫలకం కూడా ఉండవలసిన అవసరం ఉంది.

విశాఖ కొండల్లో ఎందుకు కుదరలేదు

విశాఖపట్నం చుట్టూ కొండలకు కొదవ లేదు. యారాడ కొండ అంచున డాల్ఫిన్ నోస్, కైలాసగిరి, సింహాచలం, అన్నీ కోటకు అనువైన ఎత్తులే. రాతిని తొలిచే విద్య కూడా ఇక్కడ ఉంది. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద బౌద్ధులు గుహలను, కొండరాతిలోనే చెక్కిన స్తూపాలను మిగిల్చారు. తొట్లకొండ మీద నీటి కోసం రాతిలో తొట్లు తవ్వుకున్నారు. అయినా దేవగిరి లాంటి చరియ ఇక్కడ ఎక్కడా లేదు.

కారణం రాతి నిర్మాణంలో ఉంది. ఈ కొండలు ప్రధానంగా ఖోండలైట్ వర్గానికి చెందిన శిలలు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక భూగర్భంలో లోతుకు దిగి, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై, సుమారు వంద కోట్ల సంవత్సరాల కిందట రూపాంతరం చెందగా ఏర్పడ్డాయి. వయసులో బసాల్ట్ కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అయితే రాతి బలం వయసు మీద ఆధారపడదు. ఖోండలైట్‌లో గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్, గ్రాఫైట్ వంటి ఖనిజాలు చారలు చారలుగా, వరుసలుగా అమరి ఉంటాయి. ఈ చారల వెంట రాయి సులువుగా విడిపోతుంది. చారలు ఏ దిక్కుకు వాలితే రాయి ఆ దిక్కుకే పగులుతుంది కాబట్టి శిల్పి కోరిన నిలువు గోడ రావడం కష్టం.

దీనికి వాతావరణం తోడైంది. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, ఏడాది పొడవునా గాలిలో తేమ ఉంటుంది, సముద్రం నుంచి ఉప్పు వస్తుంది. నీరు చారల్లోకి దిగి ఫెల్డ్‌స్పార్‌ను తెల్లటి బంకమట్టిగా మారుస్తుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి రాయిని ఎర్రగా మారుస్తుంది. ఉప్పునీరు ఆరినప్పుడు ఏర్పడే స్ఫటికాలు రంధ్రాలను లోపలి నుంచి విప్పుతాయి. బొజ్జన్నకొండ గుహలో ద్వారం పక్కన ఉన్న బుద్ధ ప్రతిమల ముఖకవళికలు ఆనవాలు పట్టలేనంతగా ఎలా చెదిరాయో దగ్గరికి వెళ్ళి చూసినవారికి తెలుస్తుంది. భుజాల వంపు తెలుస్తుంది గాని కన్ను, ముక్కు కలిసిపోయాయి.

అంతమాత్రాన బసాల్ట్ చిరంజీవి అనుకోవడం తప్పు. రసాయనికంగా చూస్తే అది చాలా శిలల కన్నా త్వరగానే శిథిలమవుతుంది. మరాఠ్వాడాలో పత్తి పండే నల్లరేగడి దాన్నుంచి వచ్చిందే. కాకపోతే బిగువైన బసాల్ట్‌లో చారలు లేనందున శైథిల్యం ముఖం మీదనే, పలుచటి పొరగా సాగుతుంది. పైగా శంభాజీనగర్ ప్రాంతంలో వాన ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లే. రాయీ, వాతావరణమూ రెండూ కలిసివచ్చాయి.

ఆంధ్ర, తెలంగాణల్లోని మిగతా కోటలను ఇదే కొలతతో చూడవచ్చు. గండికోటకు పెన్నా నది కోసిన లోయే కందకం. భువనగిరిలో నున్నటి గ్రానైట్ బండే చరియ. గోల్కొండలో గుండ్రటి గ్రానైట్ రాళ్ళను కదిలించకుండా వాటి మధ్య గోడలు అల్లారు. ప్రతిచోటా రాయి ఏది ఒప్పుకుంటే అది చేశారు. కొండనే తిరిగి మలిచిన చోటు దేవగిరి.

ఇప్పుడు ముప్పు ఎక్కడి నుంచి

కట్టినది ముందు పోతుంది, తొలిచినది తర్వాత పోతుంది. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మీద పునరుద్ధరించిన మహాస్తూపం కుప్పకూలింది. పక్కనే రాతిలో తవ్విన తొట్లు చెక్కుచెదరలేదు. అలాగని తొలిచినవాటిని వాటి మానాన వదిలేయడానికి లేదు. దేవగిరిలో చరియ పైభాగాన పగుళ్ళలో మర్రి, రావి వంటి మొక్కలు మొలిస్తే వాటి వేళ్ళు నిలువు పగుళ్ళను వెడల్పు చేస్తాయి. ఎర్రమట్టి పట్టీల్లోకి నీరు చేరితే అవి ఉబ్బి, పైనున్న గట్టి పొరకు ఆసరా తప్పుతుంది. పైన నీటిని దారి మళ్ళించే కాలువలు పూడిపోకుండా చూడడమే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన, అన్నిటికన్నా తక్కువగా కనిపించే సంరక్షణ పని. గోడల మీద పేర్లు గీసేవారి వల్ల జరిగే నష్టం కూడా చిన్నది కాదు. ఉలి గుర్తులే ఇక్కడి శాసనాలు, వాటి మీద గీత పడితే పని జరిగిన తీరు చదివే అవకాశం పోతుంది.

బొజ్జన్నకొండకు మరో ఇబ్బంది ఉండేది. కనుమ నాడు జరిగే తీర్థానికి వచ్చే జనం, బొజ్జ ఆకారంలోని ఒక కట్టడాన్ని రాక్షసుడిగా భావించి రాళ్ళు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. అవగాహన కార్యక్రమాలు, కాపలా వల్ల అది తగ్గింది. ఖోండలైట్ వంటి మెత్తబడిన రాతి మీద రాయి దెబ్బ ఎంత నష్టం చేస్తుందో వివరించడం ఆ మార్పుకు తోడ్పడుతుంది. తీర్థాన్ని ఆపనక్కర్లేదు, రాళ్ళు రువ్వకుండా ఉంటే చాలు.

విశాఖ నుంచి వెళ్ళేవారికి

రైల్లో వెళ్ళేవారికి సికింద్రాబాద్ మీదుగా వెళ్ళి, అక్కడి నుంచి మన్మాడ్ దారిలోని బండి అందుకోవడం తేలిక. శిరిడీ నుంచి రోడ్డు మార్గంలో వచ్చేవారు కోటకు కనీసం మూడు గంటలు కేటాయించుకోవాలి. పైదాకా మెట్లు ఏడు వందలకు పైగా ఉంటాయి. విశాఖ ఉక్కపోతకు అలవాటుపడినవారికి అక్కడి పొడి ఎండలో చెమట వెంటనే ఆరిపోవడం వల్ల దాహం తెలియదు, ఒంట్లో నీరు తగ్గిపోయేది మాత్రం తగ్గుతూనే ఉంటుంది. ఎండాకాలంలో ఉదయం తొమ్మిది లోపు ఎక్కడం మొదలుపెట్టాలి. వానాకాలంలో నున్నటి బసాల్ట్ మెట్లు జారతాయి, అరికాలు అరిగిన చెప్పులతో వెళ్ళకూడదు. వృద్ధులు, మోకాళ్ళ నొప్పులున్నవారు వంతెన దాకా వెళ్ళి చరియను, కందకాన్ని చూసి వెనక్కి వచ్చినా కోటలో ముఖ్యమైన సగం చూసినట్టే. పైకి వెళ్ళేవారు అంధేరీలో చేతి దీపం వెంట ఉంచుకోవాలి. దాన్ని గబ్బిలాల మీదికి కాకుండా మెట్ల మీదికే వేయాలి. శిఖరం దగ్గర మొగలుల కాలం నాటి బారాదరీ అనే మంటపం నుంచి చూస్తే మూడు ప్రాకారాల వలయాలు ఒకదానిలో ఒకటి ఎలా ఇమిడి ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది.

కోటను, ఎల్లోరాను కలిపి చూడదలచుకుంటే ముందు కైలాస దేవాలయాన్ని చూడడం మంచిది. పైనుంచి కిందికి చెక్కే పద్ధతి అక్కడ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, ఆ కంటితో చరియను చూస్తే ఉలి గుర్తుల వరుస వెంటనే పట్టుబడుతుంది. ఎల్లోరా గుహలకు మంగళవారం సెలవు కాబట్టి, ప్రయాణం టిక్కెట్లు తీసుకునేటప్పుడే ఆ రోజు తగలకుండా చూసుకోవాలి.